హైదరాబాద్‌లో కొన్న పాత బండిని ఆంధ్రాలోని ఇంటికి తెచ్చుకోవడం: ముందు కాగితాలు, తర్వాత చక్రాలు

విజయవాడ, ఒంగోలు, కాకినాడ వైపు నుంచి హైదరాబాద్ వచ్చి సెకండ్ హ్యాండ్ బైకు కొనేవాళ్లు ఎక్కువ. ఇక్కడ ఎంచుకోవడానికి బండ్లు దొరుకుతాయి, బేరమూ కుదురుతుంది. చిక్కల్లా ఆ తర్వాతే. డబ్బిచ్చాం, తాళం తీసుకున్నాం, ఆర్సీ జేబులో ఉంది, ఇక పోదాం పద అని ఆ సాయంత్రమే హైవే ఎక్కేస్తారు. ఇన్సూరెన్స్ ఆరు నెలల కిందటే అయిపోయిందన్న సంగతి దారిలో పోలీసులు ఆపినప్పుడు గాని తెలియదు. అది కూడా అదృష్టమే అనుకోవాలి, ప్రమాదం జరిగాక తెలిసేవాళ్లూ ఉన్నారు.

మొదట అందరూ అడిగే ప్రశ్నకు జవాబు. కొత్త బండికి టెంపరరీ రిజిస్ట్రేషన్ ఇస్తారు కదా, పాత బండిని ఊరికి తీసుకెళ్లడానికి కూడా అలాంటి పర్మిట్ ఏదైనా తీసుకోవాలా? అక్కర్లేదు. బండి అమ్మినాయన పేరుతోనే రిజిస్టరై ఉన్నా, ఆ రిజిస్ట్రేషన్ గడువులో ఉన్నంతకాలం బండి రోడ్డు మీద తిరగొచ్చు. పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవడానికి కొన్నవాళ్లకు మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ 30 రోజులు ఇస్తుంది. అంటే అమ్మినాయన పేరున్న ఆర్సీతో ఇంటిదాకా నడుపుకుంటూ రావడం తప్పు కాదు. అయితే నాలుగూ బతికి ఉండాలి: ఆర్సీ, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆ బండికి చెల్లే మీ డ్రైవింగ్ లైసెన్స్. వీటిలో ఒక్కటి లేకపోయినా బండి మీద మీరు రాకూడదు, బండినే మరో బండి ఎక్కించి తేవాలి. ఈ నిర్ణయం తాళం చేతికి రాకముందే తీసుకోవాలి.

తాళం తీసుకునే ముందు

ఆర్సీలో మొదట చూడాల్సింది చెల్లుబాటు తేదీ. బైకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2010లో కొన్న బండి గడువు 2025తో తీరిపోయింది. రెన్యువల్ కాని బండి నడిపితే రిజిస్ట్రేషన్ లేని బండి నడిపినట్టే. 192వ సెక్షన్ కింద మొదటిసారికి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. ఇంజిన్ ఎంత బాగున్నా, అలాంటి బండి ట్రాలీలోనే ఇల్లు చేరాలి.

నంబరు ప్లేటు చూసి మోసపోయే చోటు ఒకటుంది. 2014 జూన్‌కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండ్ల మీద ఏపీ 09, ఏపీ 10, ఏపీ 11, ఏపీ 28, ఏపీ 29 లాంటి నంబర్లే ఉంటాయి. ‘‘ఏపీ నంబరే కదా, మన రాష్ట్రానిదే, ఎన్ఓసీ ఎందుకు’’ అని బ్రోకర్లు నమ్మబలుకుతారు. ఆ నంబర్లన్నీ ఇప్పుడు తెలంగాణ ఆర్టీఏ ఆఫీసుల కిందివే. ఆంధ్రాకు మార్చాలంటే టీఎస్, టీజీ బండ్లకు లాగే వీటికీ ఎన్ఓసీ (బండి మార్చుకోవడానికి అభ్యంతరం లేదని ఇక్కడి ఆర్టీఏ ఇచ్చే పత్రం) కావాలి. పైగా ఆ వయసు బండ్లకు 15 ఏళ్ల గడువు కూడా దగ్గర పడో, దాటిపోయో ఉంటుంది కాబట్టి రెండు పనులూ కలిపి లెక్కేసుకోండి.

తర్వాత ఫైనాన్స్. ఆర్సీ మీద ఏదైనా బ్యాంకు పేరో, ఫైనాన్స్ కంపెనీ పేరో ఉంటే, కిస్తీలన్నీ కట్టేశామన్న మాట ఒక్కటే చాలదు. ఆ కంపెనీ ఇచ్చిన ఎన్ఓసీ, దాంతో పాటు ముద్ర, సంతకం ఉన్న ఫారం 35 (ఆర్సీ మీంచి ఫైనాన్స్ తీసేయించేది) రెండు కాపీలు చేతికి రావాలి. ఈ ఎన్ఓసీకి సాధారణంగా మూడు నెలలే గడువు. రెండేళ్ల కిందటి ఎన్ఓసీ బీరువాలోంచి తీసి ఇస్తే దాంతో పని జరగదు, కొత్తది తెప్పించమనండి.

చలాన్లు రెండు చోట్ల చూడాలి: తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్లో, కేంద్రం నడిపే పరివాహన్ ఈ-చలాన్ సైట్లో. ఒకదాంట్లో ఏమీ లేదంటే రెండోదాంట్లోనూ లేదని కాదు. పెండింగు చలాన్లుంటే ఆర్టీఏ ఎన్ఓసీ దగ్గర పని ఆగిపోతుంది. అప్పుడు కట్టేది ఎవరన్న గొడవ మొదలవుతుంది. డబ్బిచ్చే ముందే అమ్మేవాళ్ల ఫోన్‌లో వాళ్లతోనే కట్టించేయండి. దొంగబండి కాదని తేల్చుకోవడానికి ఎన్సీఆర్బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ల వాహన సమన్వయ్ సేవలో వెతకవచ్చు.

ఇక ఛాసిస్ నంబరు. దీని దగ్గర పది నిమిషాలు ఆగండి. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పితే, చాలా బైకులకు స్టీరింగ్ గొట్టం కుడిపక్కన లోహంలోకి కొట్టిన 17 అక్షరాలు కనిపిస్తాయి. దుమ్ము, గ్రీజు పట్టి ఉంటే కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడవండి. సాండ్‌పేపర్ పెట్టొద్దు, కొత్తగా గీకిన గుర్తులుంటే తర్వాత ఆర్టీఏలో అనుమానిస్తారు. పల్చటి తెల్ల కాగితం దాని మీద పరిచి, రెండు చివరలా సెల్లోటేపుతో అంటించి, మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి ఒకే దిశలో రుద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. దాన్ని ఆర్సీతో ఒక్కొక్క అక్షరమే సరిచూసుకోండి. ఛాసిస్ నంబర్లలో ఇంగ్లిష్ ‘ఐ’, ‘ఓ’, ‘క్యూ’ అక్షరాలు వాడరు. అలా కనిపించేవి 1, 0 అంకెలే. ఒక అంకె మిగతావాటి వరసలోంచి పక్కకు జరిగినా, లోతు తేడాగా ఉన్నా, చుట్టూ వెల్డింగ్ మచ్చ కనిపించినా ఆ బండి వదిలేయండి.

ఈ పెన్సిల్ ప్రింట్లు ఒకటి కాదు, నాలుగైదు తీయండి. ఎన్ఓసీ దరఖాస్తు ఫారం 28కి ఇవి కావాలి. బండి మీ ఊరు వెళ్లిపోయాక, హైదరాబాద్‌లో ఎన్ఓసీకి పెట్టేటప్పుడు అమ్మినాయన దగ్గర ప్రింటు లేదని ఆగిపోయిన ఫైళ్లు చాలానే ఉంటాయి. రెండు రూపాయల కాగితం కోసం మూడు వందల కిలోమీటర్లు మళ్లీ రావాల్సిన పని అది.

అమ్మినాయన దగ్గర తీసుకోవాల్సినవి

ఒరిజినల్ ఆర్సీ కార్డు, ఇన్సూరెన్స్ కాపీ, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు, ఫారం 29 (బండి అమ్మినట్టు తెలిపేది) రెండు కాపీలు, ఫారం 30 (పేరు మార్పు దరఖాస్తు), ఫారం 28 మూడు కాపీలు, సేల్ లెటర్. ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకోవడం ఆటో కన్సల్టెన్సీల అలవాటు. మీరు మాత్రం మీ పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం చేయించండి. ఖాళీ ఫారాలతో నాలుగు చేతులు మారిన బండి కొంటే, ఆర్సీలో పేరున్న మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఈ రోజుల్లో ఎన్ఓసీకైనా, పేరు మార్పుకైనా ఆన్‌లైన్లో ఆధార్ ఓటీపీ అడుగుతారు. అది వెళ్లేది ఆర్సీ యజమాని ఫోన్‌కే. ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే సంతకాలున్న ఫారాలు వట్టి కాగితాలే. కాబట్టి బేరం ఎవరితో జరిగినా, ఆర్సీలో పేరున్న మనిషితో ఒకసారి ముఖాముఖి మాట్లాడకుండా డబ్బివ్వొద్దు.

సేల్ లెటర్‌లో తేదీతో పాటు టైమ్ కూడా రాయాలి. ‘‘ఫలానా తేదీ ఉదయం 11 గంటల 20 నిమిషాలకు బండి, రెండు తాళాలు, ఒరిజినల్ ఆర్సీ అప్పగించాను’’ అని. ఆ రోజు పొద్దున అమ్మినాయన చేసిన సిగ్నల్ జంప్ మీ నెత్తిన పడకుండా, సాయంత్రం మీ చేతిలో ఏదైనా జరిగితే అది ఆయన మెడకు చుట్టుకోకుండా కాపాడేది ఆ ఒక్క లైనే. మీటరు రీడింగు, ఇచ్చిన మొత్తం, ఏ పద్ధతిలో ఇచ్చారు, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. రెండు కాపీలు రాసి చెరొకటి ఉంచుకోండి.

మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వకపోవడం మంచిది. ఎన్ఓసీ చేతికొచ్చేదాకా కొంత ఆపుకోండి, ఆ మాట కూడా సేల్ లెటర్‌లోనే రాయండి. అమ్మినాయన మొహమాటపడితే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం విషయంలో వాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో బండి పలు చేతులు మారినా బాధ్యత ఆర్సీలో పేరున్న మొదటి మనిషి మీదే పడింది. పేరు త్వరగా మారడం మీకన్నా ఆయనకే ఎక్కువ అవసరం. ఈ మాట అర్థమైనవాళ్లు ఓటీపీ చెప్పడానికి విసుక్కోరు.

దుకాణంలో కొంటే మరో సంగతి. పాత వాహనాల డీలర్ల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అనుమతి ఉన్న డీలర్‌కు ఫారం 29బి సర్టిఫికెట్ ఉంటుంది. ఆర్సీలో పేరున్న యజమాని బండి ఆ డీలర్‌కు అప్పగించినట్టు ఫారం 29సి ఆన్‌లైన్లో నమోదవుతుంది. అది జరిగితే డీలర్‌నే యజమానిగా పరిగణిస్తారు, ఎన్ఓసీ, పేరు మార్పు దరఖాస్తులు ఆ డీలరే చేయగలడు. ‘‘29సి ఉందా?’’ అని అడగండి. ఉంటే మీ పని సగం తేలిక. లేకపోతే అది బోర్డు పెట్టుకున్న బ్రోకర్ దుకాణమే అనుకుని, పైన చెప్పినట్టు అసలు యజమానిని పిలిపించమనండి.

ఇన్సూరెన్స్: ఎక్కువమంది తప్పు చేసే చోటు

2018 సెప్టెంబరు తర్వాత కొన్న బైకులకు కొత్తలోనే ఐదేళ్ల థర్డ్ పార్టీ ఉంటుంది, సొంత బండి నష్టానికి మాత్రం చాలావరకు ఏడాదే. అందుకే మూడేళ్ల బండి పాలసీ చూసి ‘‘ఇంకో రెండేళ్లు ఉంది’’ అని చెబితే అది నిజమే, కానీ సగం నిజం. రోడ్డు మీద తిరగడానికి చట్టానికి కావాల్సిన థర్డ్ పార్టీ ఉంది. దారిలో పడి బండి పాడైతే ఇచ్చేవాళ్లు మాత్రం లేరు. పాలసీలో రెండు గడువులు వేర్వేరుగా అచ్చవుతాయి, రెండూ చదవండి.

థర్డ్ పార్టీయే అయిపోయి ఉంటే, డెలివరీకి ముందు అమ్మినాయన పేరుతోనే కట్టించండి. పాలసీలో పేరు, ఆర్సీలో పేరు ఒకటిగా ఉండాలి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 75 నుంచి 150 సీసీ దాకా బండికి 714 రూపాయలు, 150 నుంచి 350 సీసీ దాకా 1,366 రూపాయలు, పైన జీఎస్టీ. ఈ డబ్బు మీరే పెట్టుకున్నా నష్టం లేదు. కట్టిన వెంటనే బండి తీయొద్దు. పాలసీ కాగితం మీద ఎప్పటి నుంచి మొదలవుతుందో టైముతో సహా ఉంటుంది. చాలా పాలసీలు ఆ అర్ధరాత్రి నుంచే మొదలవుతాయి. సాయంత్రం నాలుగుకు కట్టి ఐదుకు బయలుదేరితే, ఆ రాత్రి పన్నెండు దాకా మీది ఇన్సూరెన్స్ లేని బండే. అలా పట్టుబడితే చట్టంలో మొదటిసారికి 2,000, రెండోసారికి 4,000 రూపాయల జరిమానా ఉంది, మూడు నెలల దాకా జైలు కూడా వేయొచ్చు. గుద్దుకున్నవాళ్లకు పరిహారం కట్టాల్సి వస్తే ఈ జరిమానా దాని పక్కన లెక్కలోకే రాదు.

బండి అమ్మిన తేదీ నుంచే థర్డ్ పార్టీ కవర్ కొన్నవాళ్లకు బదిలీ అయినట్టు 157వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి దారిలో ఎవరికైనా దెబ్బ తగిలితే పాలసీ పనిచేస్తుంది. సొంత డ్యామేజీ భాగం అలా తనంతట తాను రాదు, మీరు అడిగి మార్పించుకోవాలి. 14 రోజుల్లోపు సేల్ లెటర్, ఫారం 29, 30 కాపీలతో కంపెనీకి మెయిల్ పెట్టి, అందినట్టు జవాబు దాచుకోండి. కొత్త ఆర్సీ వచ్చాకే మారుస్తామని చెప్పినా సరే, మెయిల్ మాత్రం గడువులోపు వెళ్లాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) అమ్మినాయన సొంతం, అది బండితో రాదు. ఆ తేడా డబ్బు మీ దగ్గర వసూలు చేస్తారు.

పొల్యూషన్‌కు పెద్ద కథ లేదు. బంకు దగ్గర వ్యాన్‌లో పది నిమిషాల పని. లేకుండా తిరిగితే 190వ సెక్షన్లో 10,000 దాకా ఉంది. బండికి పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ బిగించి ఉంటే పాత కంపెనీ సైలెన్సర్ అడిగి తీసుకుని అక్కడే మార్పించండి. దాంతో రోడ్డెక్కితే జరిమానా ఒకటి, మీ ఊళ్లో ఆర్టీవో తనిఖీలో వెనక్కి పంపడం రెండోది.

నడుపుకుంటూ వస్తే

విజయవాడకే అయినా, తెలియని బండిని మొదటిరోజే 275 కిలోమీటర్లు నడుపుతున్నారని గుర్తుపెట్టుకోండి. ముందురోజు పగలు బండిని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి అరగంట చూపించండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. గాట్లు లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడిపోయి తడి రోడ్డు మీద జారుతుంది. చైన్‌ను కింది వరసలో మధ్య పట్టుకుని పైకీ కిందికీ కదిపితే మామూలు బైకులకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. చక్రాన్ని తిప్పుతూ నాలుగు చోట్ల చూడండి. ఒకచోట లూజు, ఒకచోట బిగుతు ఉంటే చైన్ స్ప్రాకెట్ అరిగిపోయినట్టు. ఆయిల్ కొలిచే పుల్లను చాలా బండ్లలో మర తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించి తీసి చూడాలి. బిగించి చూస్తే తక్కువున్న ఆయిల్ కూడా సరిపోయినట్టు కనిపిస్తుంది. గాలి ఎంతో చైన్ కవర్ మీదో వెనక ఫోర్కు మీదో స్టిక్కర్ చెబుతుంది. ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండింటికీ బ్రేక్ లైటు వెలుగుతుందో లేదో గోడకు దగ్గరగా పెట్టి నొక్కి చూడండి.

ఎక్కువకాలం పక్కన పెట్టిన బండి అయితే టాంకులో పాత పెట్రోలు తీసేసి కొత్తది రెండు మూడు లీటర్లు పోయించండి. పాత పెట్రోలు వాసన వార్నిషులా ఉంటుంది, తేడా ముక్కుకే తెలుస్తుంది. ఒక స్పార్క్ ప్లగ్, ప్లగ్ పానా, ఒక క్లచ్ వైరు సీటు కింద వేసుకోండి.

తెల్లవారుజామున బయలుదేరండి. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరు, ఎక్కొద్దు. ఊరవతలికి వెళ్లాలంటే దాని సర్వీసు రోడ్డే. ఎల్బీ నగర్, హయత్‌నగర్ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాలు వస్తాయి. బైకులకు టోల్ లేదు, ఎడమ అంచున ఉండే సన్నటి దారిలోంచి వెళ్లిపోవాలి. నాలుగు వరసల రోడ్డు మీద బైకు వేగపరిమితి 80. తెలియని బండి మీద 50, 60 చాలు. 15, 20 కిలోమీటర్లు రాగానే ఒకసారి ఆపండి. చక్రాల మధ్య భాగం చేత్తో తాకండి: ఒక చక్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే బ్రేకు పట్టేసి ఉంది, లూజు చేయించకుండా ముందుకు పోవద్దు. ఇంజిన్ కింద ఆయిల్ చుక్క పడుతోందా చూడండి. ఈ మొదటి ఆగడం చౌటుప్పల్ దాటకముందే కావాలి, అక్కడిదాకా మెకానిక్‌లు దొరుకుతారు. చీకటి పడితే సూర్యాపేటలోనో కోదాడలోనో ఆగిపోండి. పాత బండి హెడ్‌లైటును నమ్మి హైవే మీద రాత్రి నడపడం కంటే లాడ్జి ఖర్చు తక్కువ.

హెల్మెట్ ఇద్దరికీ, ఐఎస్ఐ ముద్ర ఉన్నదే. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా లోపల ఉంచుకోండి. బండి డిక్కీలో పెట్టొద్దు. ఆర్సీ అమ్మినాయన డిజీలాకర్లో ఉంటుంది గాని మీ డిజీలాకర్లో ఉండదు కాబట్టి ఒరిజినల్ కార్డు మీ దగ్గర ఉండాల్సిందే. పోలీసులు ఆపితే ఆర్సీతో పాటు సేల్ లెటర్ చూపించండి. ‘‘ఫ్రెండ్ బండి’’ అని చెప్పకండి. కొన్నమాట నిజం, అందులో దాచాల్సిందేమీ లేదు. పొంతన లేని మాటలే బండిని స్టేషన్‌కు తీసుకెళ్తాయి.

ట్రాలీలో ఎక్కించి తెస్తే

మామూలు బైకు పొడవు రెండు మీటర్లు. టాటా ఏస్ లాంటి బండి వెనక భాగంలో తిన్నగా పడుతుంది. మూడు చక్రాల ట్రాలీ ఆటోలో అయితే వెనక తలుపు తెరిచి ఉంచాల్సి వస్తుంది, దూరప్రయాణానికి అది వద్దు. బండి ఊరుదాకా ట్రాలీలో తేవడం ఖరీదు. ట్రాలీలో పార్సిల్ లారీ ఆఫీసుదాకానో రైల్వే పార్సిల్ ఆఫీసుదాకానో తీసుకెళ్లడం చవక.

ఎనిమిది అడుగుల చెక్క పలక, ముగ్గురు మనుషులు కావాలి. న్యూట్రల్‌లో పెట్టి ఒకరు హ్యాండిల్, ముందు బ్రేకు పట్టుకోవాలి, ఇద్దరు వెనక నుంచి తొయ్యాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి పలక మీద ఎక్కించే సాహసం వద్దు. పైకెక్కాక ముందు చక్రాన్ని క్యాబిన్ గోడకు ఆనించి, గేరులో వేయండి. ముందు బ్రేకు లివర్‌ను పాత సైకిల్ ట్యూబు ముక్కతో హ్యాండిల్‌కు బిగించి కడితే చక్రం కదలదు.

సైడ్ స్టాండ్ వేసి కట్టడం అందరూ చేసే పొరపాటు. ప్రతి గతుకుకూ బండి బరువంతా ఆ స్టాండ్ మీద పడి, స్టాండ్ వంగుతుంది, ఒక్కోసారి ఫ్రేముకున్న చెవి కూడా విరుగుతుంది. సెంటర్ స్టాండ్ వేస్తే గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు బండి ముందుకు దూకి స్టాండ్ మీంచి దిగిపోతుంది. రెండు చక్రాల మీదే నిలబెట్టి, నాలుగు వైపులా కట్టాలి. ముందు రెండు బెల్టులు హ్యాండిల్ కింద ఫోర్కును పట్టి ఉంచే టీ దగ్గర నుంచి చెరోపక్క కిందికి, కొంచెం ముందుకు లాగాలి. ఫోర్కు సగం దాకా దిగేవరకు బిగిస్తే చాలు. అడుగుదాకా దించేస్తే గంటల తరబడి ఒత్తిడికి ఆయిల్ సీళ్లు కారతాయి. వెనక రెండూ ఫుట్‌రెస్ట్ బిగించే ఫ్రేము దగ్గర నుంచి. హ్యాండిల్ చివర్లు, లెగ్ గార్డ్, సైలెన్సర్, ఇండికేటర్లు కట్టే చోట్లు కావు. రాచెట్ బెల్టులైతే ఒక్కోటి మూడు మీటర్లవి నాలుగు సరిపోతాయి. నైలాన్ తాడైతే అది సాగుతుంది కాబట్టి ఎక్కువసార్లు చూసుకోవాలి. పెయింటుకు తగిలే ప్రతిచోటా గోనెగుడ్డ పెట్టండి. అద్దాలు విప్పి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, పెట్రోలు ట్యాప్ ఉంటే మూసేయండి. పది కిలోమీటర్లు వెళ్లాక ఆపించి నాలుగు బెల్టులూ మళ్లీ బిగించండి. మొదటి పది కిలోమీటర్లలో సస్పెన్షన్ సర్దుకుని కట్లు వదులవుతాయి, బండ్లు పడిపోయేది అక్కడే.

బండి ట్రాలీలో ఉన్నా ఆర్సీ, సేల్ లెటర్ మీతోనే ఉండాలి. కాగితం లేని బైకు ట్రాలీలో వెళ్తుంటే ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఏమిటో చెప్పనక్కర్లేదు.

పార్సిల్ లారీకి ఇస్తే ఎల్ఆర్ (లారీ ఆఫీసు ఇచ్చే సరుకు రసీదు) మీద బండి నంబరు, ఛాసిస్ నంబరు, మీటరు రీడింగు, విలువ రాయించండి. ఎక్కించే ముందు నాలుగు వైపులా, మీటరుతో సహా ఫొటోలు తీయండి. డెలివరీ దగ్గర ఇంకా డబ్బడగకుండా మొత్తం ఛార్జీ రసీదు మీదే ఉండాలి.

రైల్లో

విశాఖ, తిరుపతి లాంటి దూరాలకు రైలు మంచి దారి. రెండు పద్ధతులు: అదే రైల్లో మీరు టికెట్ మీద వెళ్తుంటే లగేజీగా, లేకపోతే పార్సిల్‌గా. కావాల్సినవి ఆర్సీ జిరాక్సు, గుర్తింపు కార్డు, లగేజీ అయితే టికెట్. బండి విలువ రాసిచ్చి దాని మీద కొంత ఛార్జీ కట్టండి. విలువ చెప్పకపోతే నష్టం జరిగినప్పుడు రైల్వే ఇచ్చేది బరువు లెక్కన ఉండే కొద్ది మొత్తమే. నష్టపరిహారం అడగాలంటే సరుకు అప్పగించిన రోజు నుంచి ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి.

పెట్రోలు ఒక్క చుక్క ఉండకూడదు. పెట్రోలు ప్రమాదకరమైన సరుకు కిందికి వస్తుంది, దాన్ని తెస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడొచ్చు. పాత కార్బ్యురేటర్ బండ్లలో ట్యాప్ పైపు ఊడదీసి సీసాలోకి వదిలేయొచ్చు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త పొగ ప్రమాణాల) బండ్లలో చాలావాటికి ట్యాప్ ఉండదు, ఇంజెక్షన్ పంపు టాంకు లోపలే ఉంటుంది. చేతిపంపు ఉన్న పైపుతో మూత పైనుంచి తోడించాలి. ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడిపి అవగొడదామనుకోవద్దు. ఆ పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే, పొడిగా తిరిగితే పంపు కాలిపోతుంది. తీసిన పెట్రోలును కూడా స్టేషన్లోకి తేవద్దు.

ప్యాకింగ్‌కు పార్సిల్ ఆఫీసు బయటే మనుషులుంటారు. హెడ్‌లైటు, టాంకు, సైలెన్సర్‌కు అట్ట, దాని మీద గోనెగుడ్డ కుట్టించండి. ఎక్కడి నుంచి ఎక్కడికో, రసీదు నంబరేదో అట్ట మీదా, గోనెగుడ్డ మీదా రెండు చోట్ల పెద్దగా రాయించండి, ఒకటి చిరిగినా ఇంకోటి ఉంటుంది. దిగే స్టేషన్లో రైలు కాసేపైనా ఆగాలి, అక్కడ పార్సిల్ దించే ఏర్పాటు ఉండాలి. బుకింగ్ ముందే అడగండి. చేరాక ఆలస్యంగా తీసుకుంటే గంటల లెక్కన వార్ఫేజ్ (ఆలస్య రుసుము) పడుతుంది. ప్యాకింగ్ అక్కడే విప్పి చూసి, దెబ్బ ఉంటే రిజిస్టర్లో రాయించాకే బయటికి తీసుకురండి. గేటు దాటాక చెబితే వినేవాళ్లుండరు.

ఇంటికొచ్చాక

ఇప్పుడు లెక్క మొదలు. మీకు 30 రోజులు. వేరే రాష్ట్రానికి వెళ్లే బండికి ఎన్ఓసీ పంపడానికి అమ్మినాయనకు చట్టం ఇచ్చింది 45 రోజులు. ఎన్ఓసీ రాగానే ఫారం 29, 30, ఫారం 27 (కొత్త నంబరుకు దరఖాస్తు), ఇన్సూరెన్స్, పొల్యూషన్, మీ చిరునామా రుజువులతో మీ ఊరి ఆర్టీవో ఆఫీసులో స్లాట్ పెట్టుకోండి. బండిని తనిఖీకి తీసుకెళ్లాలి. అక్కడ బండి వయసును బట్టి ఆంధ్రప్రదేశ్ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. తెలంగాణలో కట్టిన ట్యాక్స్ ఇక్కడ చెల్లదు. బేరం ఆడేటప్పుడే ఈ ఖర్చు కలుపుకోకపోతే చవకగా కొన్నామనుకున్న బండి ఊళ్లో దొరికే బండి ధరకే వచ్చి కూర్చుంటుంది.

12 నెలల దాకా పాత నంబరుతో తిరగొచ్చు కదా అనేవాళ్లుంటారు. ఆ 12 నెలలు కొత్త నంబరు వేయించుకోవడానికి 47వ సెక్షన్ ఇచ్చిన గడువు. పేరు మార్పు గడువు వేరు, ట్యాక్స్ వేరు. మూడింటినీ కలిపి ఒకటే అనుకుంటే నష్టపోయేది మీరే.

కొత్త నంబరు వచ్చాక హైసెక్యూరిటీ ప్లేటు వేయించుకుని, ఆ నంబరును, మీ పేరును ఇన్సూరెన్స్ పాలసీలో ఎక్కించమని కంపెనీకి రాయండి. పాలసీలో పాత నంబరే ఉంటే క్లెయిమ్ రోజున అదో తగాదా. ఆపుకున్న డబ్బు అమ్మినాయనకు పంపేసి, కొత్త ఆర్సీ ఫొటో కూడా వాట్సాప్‌లో పెట్టండి. తన పేరు తొలిగిందన్న రుజువు ఆయన దగ్గరా ఉండాలి.